ముహూర్తం పొద్దున పట్టిసీమకు వెళ్ళిన మేనమామ

పెళ్ళి శుభలేఖ అందగానే కొందరు ముహూర్తం చూస్తారు, కొందరు ఊరు చూస్తారు. నేను మాత్రం మ్యాపు తీసి ఆ ఊరి చుట్టుపక్కల చూడదగ్గ చోట్లేమున్నాయో వెతుకుతాను. ఈ బ్లాగు మొదలుపెట్టినప్పటి నుంచి పట్టుకున్న జబ్బు ఇది. పోయిన కార్తీకంలో మా విజయక్క కూతురు హారిక పెళ్ళి కుదిరినప్పుడు కూడా అదే చేశాను. నిడదవోలు దగ్గర పల్లెలో పెళ్ళి. అక్కడి నుంచి కొవ్వూరు మీదుగా పట్టిసీమకు యాభై కిలోమీటర్లు, గంటన్నర లోపు ప్రయాణం. ఆదివారం ఉదయం పది యాభై రెండుకు ముహూర్తం. తెల్లవారుజామున బయలుదేరి, మొదటి లాంచీలో వీరభద్రస్వామి గుడికి వెళ్ళి, పదింటికల్లా పెళ్ళిపందిట్లో ఉండొచ్చని లెక్క వేశాను. ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను. ఆ దారి మీకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను గానీ, ఇది గొప్పలు చెప్పుకునే టపా కాదు. ఇందులో నేను చేసిన పని ఎవరికైనా చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ముందు ఒక విషయం చెప్పాలి. విజయక్క మా పెద్దమ్మ కూతురు. ఆమెకు తోడబుట్టిన మగవాళ్ళు లేరు. మా వైపు పెళ్ళిళ్ళలో గౌరీపూజ అయ్యాక పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపంలోకి తీసుకొస్తాడు. బరువుకు పక్కన నలుగురు చెయ్యి వేసినా, ముందు పట్టు మాత్రం మేనమామదే. హారిక ఉద్యోగం కోసం కోచింగ్ తీసుకున్న రెండేళ్ళూ హైదరాబాదులో మా ఇంట్లోనే ఉంది. పెళ్ళి కుదరగానే ఫోన్ చేసి, "మావయ్యా, గంప నువ్వే ఎత్తాలి. ఇప్పట్నించే జిమ్ముకెళ్ళు" అంది. వరసకు ఇంకో మేనమామ ఉన్నాడు, అక్క చిన్నాన్న కొడుకు రాంబాబు. నాకంటే పెద్దవాడు, ఆ ఊళ్ళోనే వ్యవసాయం. "నువ్వు ముందు పట్టుకోరా శీనూ, బరువు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు ఆయన నవ్వుతూ.

శనివారం రాత్రి అక్కతో పట్టిసీమ సంగతి చెప్పాను. ఆమె ముఖంలో ఒక్క క్షణం భయం కనబడింది. "రేపా? ఎల్లుండి ఎళ్ళొచ్చు కదరా?" అంది. ఎల్లుండికి రైలు టిక్కెట్టు ఉందన్నాను. "సరే, ఎళ్ళు. పదింటికల్లా వచ్చెయ్యి మరి" అని, హారిక పేరు మీద కొట్టమని ఒక కొబ్బరికాయ చేతిలో పెట్టింది.

ఐదున్నరకు కారు వచ్చింది. రానూ పోనూ పద్దెనిమిది వందలకు మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు సత్తిబాబు గారు, యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు. కొవ్వూరు దాటి ఏటిగట్టు రోడ్డెక్కేసరికి కుడిపక్కన గోదావరి మీద మంచు కమ్మి ఉంది. అవతలి గట్టు కనబడదు, నీళ్ళ చప్పుడు కూడా వినబడదు. ఎడమపక్క అరటితోటలు, కోతకొచ్చిన వరి. ఈ రోడ్డు మీద శీతాకాలం పొద్దున ఒక్కసారైనా ప్రయాణం చేయాల్సిందే, అందులో అనుమానం లేదు. తాళ్ళపూడిలో ఆగి అల్లం పెసరట్టు తిన్నాం. పెనం దగ్గరున్న పెద్దావిడ నా మెడలో వేలాడుతున్న కెమెరా చూసి, "పట్టిసీమకా అండి? ఆదివారం కదండీ, ఇయ్యాల వనభోజనాల బస్సులొస్తాయి. తొందరగా ఎళ్ళి తొందరగా వచ్చెయ్యండి" అంది. ఆ మాట విని కూడా రెండో టీ తాగాను.

ఏడుంబావుకు రేవు చేరాం. లాంచీ టిక్కెట్టు మనిషికి ముప్పై రూపాయలు తీసుకున్నారు. ఏడున్నర లాంచీ ఎక్కి, పది నిమిషాల్లో నది మధ్యలోని గుట్ట దగ్గర దిగాను. మెట్లెక్కి దర్శనం చేసుకుని, హారిక పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టించేసరికి ఎనిమిదింబావు. అంతా లెక్క ప్రకారమే జరిగింది. ఎనిమిదిన్నర లాంచీ కింద సిద్ధంగా ఉంది. నేను దిగి ఎక్కి ఉంటే ఈ టపా మరోలా ఉండేది.

కానీ అప్పుడే మంచు విడిపోవడం మొదలైంది. గుట్ట మీద నుంచి చూస్తే నది ముక్కలు ముక్కలుగా బయటపడుతోంది, ముందు ఒక ఇసుకదిబ్బ, తర్వాత ఒక నాటుపడవ. ఇంకొక్క ఫోటో, ఇంకొక్క ఫోటో అనుకుంటూ గుడి వెనక్కి వెళ్ళాను. లాంచీ కూత వినబడింది. తర్వాతి దాంట్లో వెళ్దాంలే అనుకున్నాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం అంటే ఇదే. నా పిల్లి నా కెమెరా.

కిందికి దిగేసరికి తొమ్మిది. ఒడ్డు నుంచి వనభోజనాల జనాన్ని తీసుకుని లాంచీలు వస్తూనే ఉన్నాయి, వెనక్కి వెళ్ళే వరసలో నా ముందు ఓ వంద మంది ఉన్నారు. తొమ్మిది ముప్ఫై ఐదుకు అక్క ఫోన్ చేసింది. వెనకాల సన్నాయి వినబడుతోంది. "ఎక్కడున్నావురా?" అంది.

"కొవ్వూరు దాటేశాం అక్కా" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. ఆలస్యమైందని చెబితే ఆమె కంగారుపడుతుందని కాదు. నా తప్పు పెళ్ళింట్లో అందరికీ తెలుస్తుందని. మనవాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది, ఇంట్లో స్నానం చేస్తూ కూడా దారిలో ఉన్నామంటాం. ఎప్పుడూ ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి అది అబద్ధమని కూడా అనిపించదు. తొమ్మిదీ యాభైకి లాంచీ దొరికింది. కూర్చోగానే, పొద్దున వస్తూ లాంచీలోంచి ఫోనుతో తీసిన, మంచులోంచి నాటుపడవ బయటికొస్తున్న ఫోటో ఒకటి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. పెట్టిన వెంటనే మరిచిపోయాను కూడా.

పది గంటలకు ఒడ్డెక్కి కారు దగ్గరికి పరుగెత్తాను. సత్తిబాబు గారు బండి తీస్తూ, "ముహూర్తం ఎన్నింటికన్నారండి?" అని అడిగారు. చెప్పాను. గంప ఎత్తాల్సింది నేనేనని కూడా చెప్పాను. ఆయన గేరు మార్చారు. గూటాల దగ్గర మళ్ళీ అక్క ఫోను. ఈసారి గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది, చుట్టూ జనం ఉన్నట్టున్నారు. "ఒరేయ్, గౌరీపూజ అయిపోవస్తోంది. ఇంకా రాలేదేంటిరా?"

"ఊరి ముందు గేటు దగ్గరే ఉన్నాం అక్కా. గేటు పడింది. ఐదు నిమిషాల్లో వస్తాను."

పెళ్ళి ఊరికి మూడు కిలోమీటర్ల ముందు రైల్వే గేటు ఉంది. పడిందంటే ఒక్కోసారి ఇరవై నిమిషాలు లేవదు. ఆ ఊళ్ళో ఏ ఆలస్యానికైనా చాలినంత కారణం అది, ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, బాగానే అతికించాను.

సత్తిబాబు గారు అద్దంలోంచి నన్ను చూశారు. "తప్పుగా అనుకోకండి బాబూ. ఎంత తోలినా పదకొండు దాటుద్దండి. నిజం చెప్పేయండి. ఇంకో మేనమామ ఎవరైనా ఉంటే ఆయన ఎత్తుతారు కదండీ" అన్నారు.

"మీరు రోడ్డు చూసి తోలండి" అన్నాను. ఆయన వయసుకు నేనలా మాట్లాడకూడదు. ఆయన కారు మాత్రం ఎంత వేగంగా తోలాలో అంత వేగంగానూ తోలారు. పది ముప్ఫై ఐదు నుంచి రాంబాబు అన్నయ్య ఫోన్లు మొదలయ్యాయి. ఆగకుండా మోగుతూనే ఉంది. గేటు దగ్గర ఉన్నానని చెప్పినవాణ్ణి ఏమని మాట్లాడాలి? తియ్యలేదు. పది యాభై రెండు దాటినప్పుడు మేం నిడదవోలు రోడ్డు మీద ఒక గడ్డి ట్రాక్టరు వెనక ఉన్నాం.

పదకొండు పదికి గేటు చేరాం. గేటు తెరిచే ఉంది. గేటుకు ఇవతల, చింతచెట్టు కింద, పట్టుపంచె పైకి కట్టుకుని మోటారుసైకిలు మీద కూర్చుని ఉన్నాడు రాంబాబు అన్నయ్య.

మొదట అర్థం కాలేదు. కారు దిగాక ఆయనే చెప్పాడు. గేటు పడిందని నేననగానే, "కారు అటే ఉంచి నడిపించి దాటిస్తాను, బండి మీద తెచ్చేస్తాను" అని అక్కతో చెప్పి పందిట్లోంచి వచ్చేశాడట. వచ్చి చూస్తే గేటూ పడలేదు, కారూ లేదు. రైలు ఏదైనా పోయి నేను దాటేశానేమోనని గేటుమన్‌ను అడిగాడు. అలాంటి కారేదీ దాటలేదన్నాడట. ఇంతలో నేను వస్తానేమోనని అక్కడే నిలబడ్డాడు. అక్కడ పందిట్లో అక్క ఆయనకు ఫోన్ చేస్తూనే ఉంది, ఈయన నాకు చేస్తుండటంతో లైను కలవలేదు. మేళం వాయించే టైముకు ఇద్దరు మేనమామలూ పందిట్లో లేరు. ఒకడు అబద్ధం చెప్పాడు, ఇంకొకడు దాన్ని నమ్మాడు.

"పెళ్ళి?" అన్నాను.

"అయిపోయినట్టుందిరా. ఇందాక మైకులో గట్టిమేళం వినబడింది" అన్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి నా స్టేటస్ చూపించాడు. లాంచీ కమ్మీ, మంచు, నాటుపడవ. కింద తొమ్మిదీ యాభై రెండు అని టైము. "మేళం వినబడ్డాక ఊరికే కూర్చోలేక ఫోన్ చూస్తుంటే ఇది వచ్చింది. బాగుంది ఫోటో" అన్నాడు. వెటకారం కాదు, ఆయనకు వెటకారం రాదు. తల కొట్టేసినట్టయింది. నిలబడ్డ చోటే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. "పద, ఎక్కు" అని బండి స్టార్ట్ చేశాడు. మేనకోడలి మెడలో తాళి పడటం ఆయనా చూడలేదు, నా వల్ల.

పందిరి దగ్గర దిగేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. మండపం పక్కన గోడకు ఆనించి ఖాళీ గంప ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అంచు చుట్టూ బంతిపూలు కట్టారు. ఏం జరిగిందో బావగారి చెల్లెలు చెప్పింది. పంతులు గారు ఇక ఆగలేనన్నారట. వేరే మగవాళ్ళు ఎత్తబోతే హారిక వద్దంది. "మావయ్య లేకుండా గంపెందుకండీ, నడిచొస్తాను" అని లేచి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మండపంలోకి నడిచింది.

అక్షింతలు వెయ్యడానికి వెళ్ళాను. క్షమించమని చెప్పబోయాను. బాసికం కింద నుంచి నా వైపు చూసి హారిక నవ్వింది. "నువ్వొస్తావని గంపలోనే కూర్చున్నాను మావయ్యా. కాళ్ళు తిమ్మిరెక్కాయి" అంది. పక్కనున్న పెళ్ళికొడుకు కూడా మర్యాదకు నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మా వాళ్ళ మర్యాద అంత పని చేస్తుందని అప్పుడే తెలిసింది. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి. బావగారు నన్ను భోజనాల బంతిలో కూర్చోబెట్టి, "పనసపొట్టు కూర ఇంకాస్త వెయ్యండి, పొద్దున్నుంచీ దారిలోనే ఉన్నారు పాపం" అని వడ్డించేవాడికి చెప్పారు. దారిలోనే ఉన్నారు అన్న మాట విని తల వంచుకుని ఆకులో అన్నం కలుపుతూ కూర్చున్నాను. భోజనాలయ్యాక మేనమామలకు బట్టలు పెట్టే వేళ అయింది. గంప ఎత్తినందుకు పెట్టే బట్టలవి. వద్దన్నాను. అక్క ఊరుకోలేదు, నన్నూ రాంబాబు అన్నయ్యనూ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరికీ బొట్టు పెట్టి, జరీ అంచు పంచెలు చేతుల్లో పెట్టింది. ఆ పంచె అంత బరువైన సామాను నేనింతవరకు మొయ్యలేదు.

సాయంత్రం అప్పగింతలకు ముందు అక్క ఒంటరిగా దొరికితే చెప్పేశాను. "అక్కా, నువ్వు రెండోసారి ఫోన్ చేసినప్పుడు నేను గేటు దగ్గర లేను. గూటాలలో ఉన్నాను. మొదటిసారి చేసినప్పుడైతే గుడి దగ్గరే ఉన్నాను."

"తెలుసులేరా" అంది అక్క, తమలపాకులు తుడుస్తూనే. "ఆలస్యమైతే అయిందని చెప్పకూడదా? నాలుగు తిట్లు తిట్టేదాన్ని. రాంబాబు ఎత్తేవాడు. పిల్ల గంపలో వచ్చేది." చేతిలోని తమలపాకు పక్కన పెట్టి, "పదహారు రోజుల పండక్కి రా. ముందు రోజే రా" అంది.

వెళ్ళాను, ముందు రోజే వెళ్ళాను. కెమెరా ఇంట్లో పెట్టి వెళ్ళాను. హారిక ఎప్పటిలాగే మాట్లాడింది. కానీ వాళ్ళ పెళ్ళి ఆల్బమ్‌లో గంప పేజీ లేదు. ఆ చోట ఆమె తల్లి చెయ్యి పట్టుకుని నడిచొస్తున్న ఫోటో ఉంది, చూసినవాళ్ళందరూ కొత్త పద్ధతి, బాగుందంటున్నారు. నేను ఆ పేజీ త్వరగా తిప్పేశాను. ఆలస్యానికి ఇప్పుడు బాధ లేదు, లాంచీలు ఎవరికైనా తప్పుతాయి. నా పరువు కాపాడుకోవడానికి చెప్పిన ఒక చిన్న అబద్ధం, ఆ పిల్లను మోయడానికి అక్కడే ఉన్న ఇంకో రెండు చేతుల్ని కూడా పందిట్లోంచి బయటికి పంపింది. అది మాత్రం నన్ను వదలడం లేదు.

పట్టిసీమకు వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. కార్తీక ఆదివారాలు లాంచీ దగ్గర గంట సేపు నిలబడాల్సి వస్తుంది, కాబట్టి పెళ్ళికి వెళ్తే పెళ్ళి మర్నాడు వెళ్ళండి. అలా కుదరక ముహూర్తం రోజే వెళ్ళి చిక్కుకుంటే, ఎక్కడున్నావని ఫోనొచ్చినప్పుడు ఉన్న చోటే చెప్పండి.