రివర్సు రాని డ్రైవరు సాక్ష్యం

రిటైర్మెంటుకు సరిగ్గా రెండేళ్లుండగా, ఒక జూన్ ఒకటో తారీఖున, కొల్లేటి అంచున ఉన్న ఒక చిన్న రవాణా శాఖ ఆఫీసులో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా చేరాను. ఆఫీసు పేరు రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. అది నాకు కొత్త చోటు కాదు. పన్నెండేళ్ల ముందు అక్కడే సహాయ తనిఖీ అధికారిగా మూడేళ్లు పనిచేశాను. సహాయ అధికారికి ముఖ్యంగా రెండు పనులు: లైసెన్సు పరీక్షలు పెట్టడం, రోడ్డు మీద బళ్లు ఆపి కాగితాలు చూడడం. తనిఖీ అధికారి అయ్యాక వీటికి తోడు బళ్లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఎక్కడైనా ప్రమాదం జరిగితే వెళ్లి, బండిలో లోపం ఉందా లేదా అన్నది రిపోర్టు రాయాలి.

ఆకివీడు, కలిదిండి వైపు లోపలి రోడ్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో గట్టు, గట్టు మీద ఒక్క బండి పట్టే దారి. ఎదురుగా ఐసు నీళ్లు కార్చుకుంటూ చేపల లారీ వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్లాలి. ఎవరు వెళ్లాలో చట్టంలో లేదు గానీ అక్కడి డ్రైవర్లకు ఒక ఆనవాయితీ ఉంది. ఖాళీ బండి లోడు బండికి దారి ఇస్తుంది. లోడు బండి స్కూలు బస్సుకు ఇస్తుంది. స్కూలు బస్సు ఎవరికీ ఇవ్వదు. ఈ ఆనవాయితీని నమ్ముకుని ఒక మనిషి పన్నెండేళ్లు ఉద్యోగం చేశాడు.

అతని పేరు ఏసుపాదం. ఒక లంక గ్రామం నుంచి పిల్లల్ని బడికి తీసుకెళ్లే బస్సు డ్రైవరు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన తల. నేను చేరిన వారంలోనే బస్సును ఫిట్‌నెస్‌కి తెచ్చాడు. బడులు తెరిచే ముందు ప్రతి స్కూలు బస్సుకూ ఆ సర్టిఫికెట్ ఉండాలి. బ్రేకు చూశాను, అత్యవసర ద్వారం తీయించాను, రివర్సు లైటు చూడాలి కాబట్టి గేరు వెయ్యమన్నాను. వేశాడు. లైటు వెలిగింది, టిక్కు పెట్టాను. బండిని వెనక్కి నడపమని మాత్రం అనలేదు. లైటు వెలగాలని ఫారంలో ఉంది గానీ డ్రైవరుకు వెనక్కి నడపడం వచ్చి ఉండాలని లేదు. అది లైసెన్సు పరీక్షలోనే తేలిపోయి ఉంటుందని అందరి నమ్మకం.

ఆగస్టులో, మంచి వానలో, గట్టు మీద ఆ బస్సుకు ఒక లారీ ఎదురైంది. బయటి రాష్ట్రం బండి. పాపం ఆనవాయితీ తెలియదు. హారను కొట్టుకుంటూ ముందుకే వచ్చింది. బస్సు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. నాలుగు గజాలు పోయేసరికి వెనక చక్రం గట్టు దిగి, బస్సు చెరువు వైపు ఒరిగి, ఒక తుమ్మ మొద్దుకు ఆనుకుని ఆగింది. పిల్లలంతా అత్యవసర ద్వారం గుండా దిగారు. ఒక్కరికీ గీత పడలేదు. మర్నాడు నేను వెళ్లి చూశాను. స్టీరింగు, బ్రేకులు, టైర్లు సవ్యంగా ఉన్నాయి. 'యంత్ర లోపం లేదు. వానకు గట్టు అంచు జారింది. డ్రైవరు తప్పు కనిపించలేదు' అని రిపోర్టు రాసి సంతకం చేశాను.

వచ్చే ఆదివారం కృతజ్ఞతా కూడిక ఉంది, తప్పకుండా రావాలి అని ఆ ఊరి పాస్టరు గారు స్వయంగా ఆఫీసుకొచ్చి పిలిచారు. మాది మిషను కాలం నాటి కుటుంబమే. మా తాతగారు ఏలూరులో బడిపంతులు, ఆదివారం ఆరాధన మానితే ఆ పూట అన్నం పెట్టని మనిషి. నా వరకు వచ్చేసరికి భక్తి పలచబడి క్రిస్మసుకీ, పెళ్లిళ్లకీ, కొరమీను పులుసు ఉంటుందని తెలిసిన కూడికలకీ పరిమితమైంది. పులుసు ఉంటుందని పాస్టరు గారి మాటల్లో తేలింది కాబట్టి వెళ్లాను.

సిమెంటు రేకుల చర్చి. చాపల మీద జనం. ముందు వరసలో నాకొక ప్లాస్టిక్ కుర్చీ, మెడలో శాలువా. స్పీకర్లు ఎంత పెద్దవంటే దేవుడికి కాస్త చెవుడని ఆ సంఘం గట్టిగా నమ్ముతున్నట్టు అనిపించింది. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. తెలియనివాళ్లకు చెబుతున్నాను: సాక్ష్యమంటే మనిషి లేచి, తన జీవితంలో దేవుడు ఏం చేశాడో నలుగురి ముందూ చెప్పుకోవడం. దేవుడు చేసింది చివర్లో రెండు ముక్కల్లో వస్తుంది, అంతకు ముందు తను చేసిన పాపం వివరంగా ఉంటుంది. జనం వినేది ఆ భాగమే. ఆ రోజు ఇద్దరు తాగుడు మానేసిన సంగతి చెప్పారు. అవి ప్రతి వారం వినేవే కావడంతో వెనకెవరో ఆవలించారు. అప్పుడు ఏసుపాదం లేచాడు.

"అందరికీ ప్రభువు పేరిట వందనాలండి. నాకు బండి వెనక్కి నడపడం రాదండి" అన్నాడు.

ఆవలింతలు ఆగిపోయాయి.

"పన్నెండేళ్ల కింద లైసెన్సు పరీక్షలో స్టీరింగు పట్టుకున్నది నేను కాదండి. మా అన్నయ్యండి. ఆ ఆఫీసరు గారు ఫోటో వంకా చూడలేదండి, మొహం వంకా చూడలేదండి, కొబ్బరినీళ్లు తాగుతా సంతకం పెట్టేశారండి. పసిపిల్లల్ని ఎక్కించుకుని ఇన్నేళ్లూ మోసం చేశానండి. మొన్న వాళ్లందరినీ చెరువులో ముంచేసేవాడినేనండి. అయినా ప్రభువు నన్ను వదల్లేదండి, కాపాడాడండి."

చర్చంతా ఒక్క గొంతుతో "హల్లెలూయా" అంది. అలవాటు కొద్దీ నేనూ అన్నాను. అన్నాక వెలిగింది. పన్నెండేళ్ల కిందట మా ఆఫీసు మైదానంలో లైసెన్సు పరీక్షలు పెట్టిన సహాయ అధికారి ఒక్కడే. కొబ్బరినీళ్లు నాకు ఇప్పటికీ ఇష్టం.

భోజనాల దగ్గర పాస్టరు గారు నా పక్కనే కూర్చుని, పులుసులో ముక్క వేయిస్తూ, "చూశారాండి, ఎంత ధైర్యమో. దేవుడు క్షమించేశాడండి. ఇంక మీరు కూడా పెద్ద మనసు చేసుకోవాలండి" అన్నారు.

"దేవుడికి పై అధికారి లేడండి. నాకున్నాడు" అన్నాను.

"మిమ్మల్ని కూడా క్షమించాడు లెండి."

"నేనేం చేశానండి?"

"మొహం చూడలేదు కదండీ" అని ఆయన మజ్జిగ అడిగారు.

ఆ ముక్క నాకు దిగలేదు.

సోమవారం మా సీనియర్ అసిస్టెంటు సూర్యనారాయణ గారికి సంగతి చెప్పాను. ఫైళ్ల మధ్యే తల నెరిసిన మనిషి. సలహా వెంటనే వచ్చింది. "చర్చిలో చెప్పింది మనకి రికార్డు కాదండి. ఆ టైములో తమరు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు, వినలేదు. అయిపోయిందండి." ఆయన మాట నాకు తెగ నచ్చింది. నోరు మూసుకుంటే ఏసుపాదం ఉద్యోగం ఉంటుంది, నా సర్వీసు రిజిస్టరు తెల్లగా ఉంటుంది, రెండేళ్లు గడిస్తే తాడేపల్లిగూడెంలో మా ఇంటి వరండాలో పేపరు చదువుకోవచ్చు. మోసం చేసి తెచ్చుకున్న లైసెన్సు అని తెలిస్తే రద్దు చేయించాల్సిందే. ముందు నోటీసు, తర్వాత జవాబు, ఆపైన ఉత్తర్వు. ఆ ఫైలు కదిలితే పరీక్ష రిజిస్టరు బయటికొస్తుంది, అందులో నా సంతకం ఉంటుంది. ఆ సాయంత్రం బస్సు మా ఆఫీసు ముందు నుంచే వెళ్లింది. కిటికీలోంచి ఒక పిల్ల చెయ్యి ఊపింది. నేను శుద్ధ పిరికివాణ్ణి. ఆ చెయ్యి చూశాక మాత్రం మాట్లాడకుండా ఉండాలంటేనే ఎక్కువ భయమేసింది.

ఏసుపాదాన్ని పిలిచి కాగితం రాసిమ్మన్నాను. అతను నా వంక వింతగా చూశాడు. "దేవుడు క్షమించాడన్నారు కదండీ పాస్టరు గారు? మళ్లీ ఇదేంటండి?" అన్నాడు. అయినా కూర్చుని రాశాడు. లైసెన్సు బల్ల మీద పెట్టాడు. బయట అతని భార్య మరియమ్మ నిలబడి ఉంది. లోపలికి వచ్చి అడగాల్సింది అడిగింది.

"అబద్ధం ఆడి పన్నెండేళ్లు అన్నం తిన్నామండి. నిజం చెప్పిన వారానికే పస్తా అండి? ఇదెక్కడి న్యాయమండి సారూ?"

సిగ్గేసింది. శిక్షంతా ఆమె ఇంటికే పోతోంది, సంతకం మాత్రం నాది. ఆ రోజే పై అధికారికి రెండో కాగితం రాశాను. ఫలానా సంవత్సరం నేను అభ్యర్థి మొహం, ఫోటో సరిచూడకుండా పాస్ చేశాను, తప్పు నాది అని. టైపు చేస్తూ సూర్యనారాయణ గారు 'పనిభారం వల్ల' అని సొంతంగా చేర్చారు. కొట్టేయించాను. పై అధికారి ఫోను చేసి, రిటైరయ్యే ముందు నిజాయితీ పుట్టడం కూడా ఒక జబ్బేనని తిట్టి, తర్వాత మెమో ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, మందలింపుతో వదిలేశారు. అది మా శాఖలో అన్నిటికంటే చిన్న శిక్ష. నాకు దక్కాల్సిన దానికంటే తక్కువేనని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

ఏసుపాదం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ముందు ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునే లైసెన్సు. నెల ఆగాక కారు పరీక్ష. కారు లైసెన్సు చేతికొచ్చి ఏడాది నిండితేనే బస్సు పరీక్ష. స్కూలువాళ్లు అతన్ని అదే బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే అటెండరుగా ఉంచుకున్నారు. డ్రైవరు ఉద్యోగం వచ్చే ఏడాదంతా అట్టే పెడతాం, ఆ పై జనవరి దాటితే ఒక్క రోజు కూడా ఆగం అన్నారు. అంటే అప్పటికి ఏడాది నిండాలంటే కారు పరీక్ష ఈ డిసెంబరు లోపల గట్టెక్కాలి.

చేపలు పట్టేసి ఎండగట్టిన ఒక చెరువులో, పాస్టరు గారి పాత కారులో, అన్నయ్య పక్కన కూర్చుని నేర్పాడు. పోయినసారి తమ్ముడి బదులు పరీక్షే ఇచ్చాడు కాబట్టి ఈసారి కనీసం పాఠమైనా చెప్పాలని మరియమ్మ అతన్ని లాక్కొచ్చింది. సొట్టలు పడిపోయిన ఆ కారు వెనక బంపరు నేను చూశాను. కనికరం గురించి పాస్టరు గారు చేసిన ప్రసంగాలన్నిటికంటే నన్ను నమ్మించింది ఆ బంపరే.

ఈ పరీక్ష నేను పెట్టడం బాగుండదని పై అధికారికి రాశాను. వేరే మనిషి లేడు, నువ్వే పెట్టు అని జవాబు. కారు పరీక్షకు నేల మీద ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో గడలు పాతి ఉంచుతాం. ముందుకు పోయి, గడ తగలకుండా వెనక్కి రావాలి. మొదటిసారి సంఘమంతా వచ్చింది. ప్రార్థనలు మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల చేసుకోమన్నాను. ఏసుపాదం మూడో గడను పడగొట్టాడు. తప్పినవాడు వారం ఆగి రావచ్చు, వచ్చాడు. రెండోసారి చెమటలు పట్టి, మధ్యలో ఇంజను ఆపేసుకున్నాడు.

పాస్టరు గారికి కోపం వచ్చింది. "దేవుడు ఇన్నిసార్లని లెక్క పెట్టడండి" అన్నారు.

"మేం మూడు దాకా పెడతామండి. మూడోసారి తప్పితే అరవై రోజులు ఆగాలి. అంతే గానీ, ఇక రావద్దని మా చట్టంలో కూడా ఎక్కడా లేదు" అన్నాను. అన్నాక ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. ముప్ఫై ఏళ్లు ఆ చట్టం చేతిలో పట్టుకుని తిరిగాను, అందులో అంత దయ ఉందని గమనించలేదు. అయితే అరవై రోజులంటే డిసెంబరు దాటిపోతుంది, ఏసుపాదం ఉద్యోగం పోతుంది. ఆ సంగతి తాడు అవతల ఉన్న అందరికీ తెలుసు.

మూడోసారి ఉదయం తొమ్మిదింటికి వచ్చాడు. పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు. మరియమ్మ నన్నే చూస్తూ నిలబడింది. నేను కారు దగ్గరకు వెళ్లి, కంప్యూటరు తీసిన ఫోటో కాగితం పైకెత్తి, అతని మొహం చూశాను. ఎడమ కనుబొమ కింద పుట్టుమచ్చ. మచ్చ ఫోటోలోనూ ఉంది. మళ్లీ చూశాను.

"నేనేనండి సార్" అన్నాడు.

"తెలుసయ్యా. చూడనీ" అన్నాను.

నత్త నడక నడిపాడు. ముందుకు పోయాడు, ఆగాడు, మెడ తిప్పాడు, వెనక్కి వచ్చాడు. ఒక్క గడ కదల్లేదు. ఆ రోజు నేను కొబ్బరినీళ్లు ముట్టలేదు. సంతకం పెట్టాను. ఏడాది తిరిగాక బస్సు పరీక్ష మాత్రం మొదటిసారే గట్టెక్కాడు. ఇప్పుడు గట్టు మీద లారీ ఎదురైతే ఆనవాయితీ పక్కన పెట్టి తనే ముందు వెనక్కి వస్తున్నాడట. అవసరం లేకపోయినా వస్తున్నాడని, రోజూ బడికి ఆలస్యమవుతోందని హెడ్మాస్టరు గారు నాతో మొరపెట్టుకున్నారు.

ఈ శాఖలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ సంఘటన నుంచి చెప్పదగ్గది ఒకటుంది. తప్పినవాణ్ణి ఎన్నిసార్లయినా మళ్లీ రానివ్వండి, చట్టం ఒప్పుకుంటుంది. గడ పడితే మాత్రం పాస్ చేయకండి, బస్సులో పిల్లలుంటారు. దేవుడు మొహం పూర్తిగా చూసి, చేసిందంతా తెలిసి కూడా రానిస్తాడని పాస్టరు గారంటారు. అది ఆయన శాఖ, నేను జోక్యం చేసుకోను. నేను అసలు మొహమే చూడకుండా పాస్ చేసి, దాన్ని మంచితనం అనుకున్నాను. సంతకం పెట్టే ముందు తలెత్తి ఎదుటి మనిషిని చూడండి.