మంచు వాలు ఇవతల నేనొక్కదాన్నే

సాయంత్రం హొసకోటె నుంచి తమ్ముడు ఫోన్ చేసి, ఆఫీసువాళ్లతో హిమాలయాల్లో మంచు మీద ట్రెక్కింగుకు పోతున్నానని చెప్పినప్పుడు, పాపకు అన్నం తినిపిస్తున్న నా చేయి ఆగిపోయింది.

“నీ మాదిరి చతికిలబడములే అక్కా, అందరం చేతులు పట్టుకొని దాటేస్తాం,” అని నవ్వాడు.

ఆ మాట వాడికి నేర్పింది మా ఇంటి నవ్వులే.

పెళ్లికి ముందు, మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసే రోజుల్లో నేనూ అలాగే వెళ్లాను. అంతవరకు మంచు ఎరగని మాకు, ఎడతెగక కురిసిన మంచు ఆగి ఎండ కాయగానే, మన దగ్గర వాన వెలిసినట్టే ఇక భయం లేదనిపించింది. గైడు మాత్రం, కొత్త మంచు కింది పాత మంచును ఇంకా పట్టుకోలేదని, ఎండకు మరింత వదులవుతుందని, బరువు పడితే వాలంతా పలకలా విరిగి జారవచ్చని, అందుకే ఒకరు అవతలికి చేరాకే ఇంకొకరు అడుగు పెట్టాలని చెప్పి, ముందు తాను దాటి నిలబడ్డాడు.

మేమేమో రోజూ అవుటర్ రింగ్ రోడ్డు దాటేవాళ్లం. ఒంటరిగా దిగితే ఏ బండీ ఆగదు, గుంపుగా చేతులు పట్టుకుని దిగితేనే ఆగుతాయి. భయం వేయగానే ఆ అలవాటే పైకొచ్చి అందరూ గొలుసు కట్టారు. అందరికంటే ముందున్నది ఇప్పటి మా ఆయన. “రా, సుమ్నే, ఊరికే నిలబడితే ఎట్లా?” అని చేయి చాపారు. అప్పుడే నా కాళ్ల కింద మంచు లోపల ధుప్పుమని కుంగింది. ఒక్కొక్కరే పోదామని బతిమాలాను. ఎవరూ వినకపోతే అక్కడే కూలబడ్డాను. అవతలినుంచి గైడు అరుస్తున్నా గొలుసు తెగలేదు. వాళ్లు దాటేశారు. మంచు కదలలేదు.

నన్ను కిందికి దింపడానికి మా గుంపు వెనక నడిచే గైడు సహాయకుడు తోడు రావలసి వచ్చింది. పెళ్లయ్యాక చుట్టాలు కూడినప్పుడల్లా, మంచు మీద ధర్నా చేసిందని మా ఆయన చెబితే అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత నేనే నటించి చూపించేదాన్ని. ఆ వాలు ఒక్కసారి కదిలి ఉంటే నవ్వేవాళ్లు మిగిలేవారు కారని తెలిసి కూడా. పిరికిదాన్నన్న సిగ్గు కన్నా, ఆ నవ్వుల్లో నేనూ కలిసిన సిగ్గు ఈ రోజు ఎక్కువగా కోస్తోంది.

పాప నిద్రపోయాక తమ్ముడికి ఫోన్ చేసి, మొదటిసారి నవ్వకుండా అంతా చెప్పాను. చేతులు పట్టుకోకుండా ఒక్కొక్కరే దాటమన్నాను.

“అందరూ పట్టుకుంటే నేనొక్కడే చేయి విడిచేదెట్లక్కా?”

“మా అక్క పిచ్చిది, ఒట్టు పెట్టించుకుందని చెప్పు నాయనా.”

సరే అన్నాడు.

ఆ వయసులో మనకు ప్రాణం పోవడం కన్నా నవ్వులపాలు కావడమే పెద్ద భయం. పాప పుట్టాక నాకు ఆ భయం పోయింది; ఎండలో మెరిసే మంచును చూసి నోరు తెరుచుకుని నిలబడ్డ అప్పటి నాలోని పిల్ల కూడా దాంతోపాటే పోయింది. తమ్ముడు ఇంకా ఆ వయసులోనే ఉన్నాడు. వాడు అన్న ఆ సరేలో ఎంత సిగ్గు ఉందో నాకు బాగా తెలుసు.