అల్ వుకైర్ గుట్ట దిగిన లస్మయ్య

“గుట్టలు లేని దేశంల సైకిల్ మీద గుట్ట దిగుడెందుకయ్యా నీకు?” అని గౌరవ్వ వీడియో కాల్‌లో మొగుణ్ణి నిలదీసింది. పద్నాలుగేళ్లుగా ఖతర్‌ను దుబాయ్ అనే పిలుస్తున్న మనిషి ఆమె. లస్మయ్య ఫోన్ తిప్పి చూపించాడు. అల్ వుకైర్‌లో వాళ్ల కంపెనీ పునాదులు తవ్వి పోసిన మట్టి, నాలుగంతస్తుల ఎత్తు.

“గిదేంది మరి?” అన్నాడు.

“మట్టికుప్ప,” అంది గౌరవ్వ.

“ఆదివారం డంపర్లొచ్చి ఎత్కపోతయ్. అందాకనే ఇది గుట్ట.”

అదీ అతని తొందర. నిర్మల్ దగ్గర గుట్ట కింద పుట్టినవాడు, నలభై ఎనిమిదేళ్లు, పని స్కాఫోల్డింగ్, కట్టే భవనాల చుట్టూ పైపుల మంచెలు బిగించడం. ఇక్కడ ఎక్కిన ఎత్తులన్నీ ఇనుప పైపులవే. దిగడమూ పైపు పైపు పట్టుకునే. ఒక్కసారి మొహానికి గాలి కొట్టేలా దిగాలనుంది. సైకిల్ ఉంది. దేశానికి వెళ్లిపోతూ ఓ నేపాలీ వదిలిపెట్టి పోయినదే. పెడళ్లు వెనక్కి తొక్కితే బ్రేకు పడే రకం.

ఈ కోరికకు చరిత్ర తగిలించినవాడు జోయెల్. అమలాపురం వైపు కుర్రాడు, సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్. తొమ్మిది వేల రియాళ్ల మౌంటెన్ బైక్ కొని, తొక్కడం కన్నా ఎక్కువగా తుడుస్తుంటాడు.

“అమెరికాలో యాభై ఏళ్ల కిందట జుట్టు పెంచుకున్న హిప్పీ కుర్రాళ్లు ఇలాంటి డొక్కు సైకిళ్లనే కొండ మీంచి దింపేవాళ్లు, లస్మయ్యా. కిందికొచ్చేసరికి బ్రేకులో గ్రీజు పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరి మళ్లీ ఎక్కేవాళ్లు. రూల్సు లేవు. తిరుగుబాటు.”

“వాళ్లకు డ్యూటీ లేకుండెనా సార్?”

జోయెల్ బైకు తుడవడంలో పడ్డాడు. తిరుగుబాట్లను మెచ్చుకునేవాళ్లకు డ్యూటీల లెక్క సాధారణంగా పట్టదు.

శుక్రవారం సెలవు రోజున దిగడానికి జోయెల్ ఒప్పుకున్నాడు. కాకపోతే రెండు మీటర్లు దాటితే ‘ఎత్తులో పని’ పర్మిట్ ఉండాల్సిందే. స్వయంగా నింపాడు. పని వివరం: సైకిల్‌పై దిగుట. హెల్మెట్, బూట్లు, పడిపోకుండా ఒంటికి బిగించే హార్నెస్ తప్పనిసరి. ఆ హిప్పీలు చూసుంటే సిగ్గుపడి క్షౌరం చేయించుకునేవాళ్లు.

ఎత్తెక్కగానే హార్నెస్ కొక్కెం దగ్గర్లోని ఇనుముకు తగిలించడం లస్మయ్య చేతికి పద్నాలుగేళ్ల అలవాటు. గుట్ట మీద ఇనుమంటూ ఉన్నది హ్యాండిల్ ఒక్కటే. దానికే తగిలించి, బయల్దేరాడు.

సగం దిగేసరికి వెనక చక్రం నుంచి పొగ.

“సైకిల్ వదిలేసి దూకండి,” కింద నుంచి జోయెల్ అరిచాడు.

“కొక్కెం ఉన్నది సార్.”

“తీసెయ్యండి.”

“ఎత్తు మీద తియ్యొద్దని మీరే చెప్పిన్రు గద.”

ఆ మాట పూర్తయ్యేలోగా సైకిలొచ్చి గుద్దుకుని, కింద ఆనించి పెట్టిన జోయెల్ తొమ్మిది వేల బైకు ముందు చక్రం అప్పడంలా ముడుచుకుంది. లస్మయ్య మోచేయి గీసుకుపోయింది. లేచి, మట్టి దులుపుకుని, చక్రం వైపు ఒకసారి, గుట్ట వైపు ఒకసారి చూశాడు.

“ఇంకోపారి దిగాల్నా సార్? పర్మిట్ అయిదు దాక ఉన్నది.”

జోయెల్ తన బైకును ఎత్తి పక్కన పెట్టాడు. తర్వాత స్టోర్ తాళం తీసి, క్రేన్‌కు వాడే గ్రీజు డబ్బా తెచ్చిచ్చాడు. లస్మయ్య అయిదయ్యేలోగా నాలుగుసార్లు దిగాడు, నాలుగుసార్లూ కొక్కెంతోనే. ఆదివారం డంపర్లు వచ్చాయి.

కొత్త చక్రం ఆరు వందల నలభై రియాళ్లు. పర్మిట్ మీద సంతకం తనదే కనుక సగం జోయెల్ భరించాడు. మిగతా సగంలో లస్మయ్య ఇంకా నూట ఇరవై ఇవ్వాలి.