అన్న ప్యాంటు, చెల్లె సైకిలు

"మగపోరని ప్యాంటు దానికెట్ల తొడిగిస్తివి అత్తమ్మా? అందరి ముందట ప్రార్థన లైన్లకెళ్లి బయటికి పిలిచిర్రట నా బిడ్డను!"

"పిలిస్తే పిలవనియ్యి. గదే బడి, గదే రంగు, గదే గుడ్డ. అన్న తొడుక్కుంటే యూనిఫారం, చెల్లె తొడుక్కుంటే తప్పెట్లయితది?"

"నీకెప్పుడు గుడ్డ ఫికరే. నా బిడ్డ ఇజ్జత్ ఫికర్ లేదు."

"ఇజ్జత్ పోతే గా పైజామా సైకిల్ చైన్ల పడి చినిగిన నాడే పోవాలె. నడిరోడ్డు మీద పడ్డది పొల్ల. అప్పుడు ఎవలొచ్చిర్రు లేపనీకి?"

వంటింటి గడపకు లోపల నా కోడలు, బయట నేను. మా ఇద్దరి నడుమ గోడకు ఆనుకుని ఎనిమిదో తరగతి చదివే నా మనవరాలు. దాని ఒంటి మీద కుర్తా, కుర్తా కింద వాళ్లన్న ప్యాంటు. తెలంగాణ వచ్చి మూడు నాలుగేళ్లయిన రోజులవి. జడ్చర్ల పక్క పల్లె మాది. కొడుకు మందుల కంపెనీలో షిఫ్టులకు పోయేవాడు. మా అత్తాకోడళ్ల పంచాయితీలు వాడు ఇల్లు చేరేసరికి చల్లారిపోయేవి.

పిల్ల సైకిలు మీద బడికి పోయేది. ఏడో తరగతి దాకా స్కర్టు. ఎనిమిదికి రాగానే ఆడపిల్లలకు పంజాబీ డ్రెస్సు, చున్నీ. ఆ వదులు పైజామా కాలు చైనులో ఇరుక్కుని, పత్తి చేల మలుపు దగ్గర సైకిలుతో సహా పడింది. మోకాలు దోక్కుపోయింది. పైజామా చినిగిన తీరు చూస్తే కుట్టుకు కూడా పనికిరాదు. దాన్ని వంటింట్లో మసిగుడ్డ చేశాను.

"ఇగ సైకిలు బందు. అందరితోని ఆటోల పో" అంది తల్లి.

పిల్ల ఏడవలేదు, అలగలేదు. సైకిలును తుడిచి, పెరట్లో గోడకు ఆనించి, పాత దుప్పటి కప్పింది. కప్పి, దుప్పటి అంచులు చక్రాల కిందికి దోపింది. అది చూశాక నేను పెట్టె తీశాను.

మనవడు అదే బడిలో పదో తరగతి ముగించి కాలేజీలో చేరాడు. వాడి బూడిదరంగు ప్యాంట్లు మడత నలగకుండా ఉన్నాయి. మోకాళ్ల దగ్గర పలచబడలేదు. కాళ్ల దగ్గర సన్నం, చైనులో పడే పని లేదు. కొత్త పైజామాకు గుడ్డ కొని దర్జీ చుట్టూ తిరగడమెందుకు? నడుము దగ్గర లోపలికి పట్టి కుట్టాను. పైన కుర్తా ఉంటుంది, కింద కనిపించేది జానెడు. ఎవరికి ఎరుకైతదిలే అనుకున్నాను.

ఎరుకైంది. కుర్తాకు పక్కల చీలికలుంటాయి కదా, ఆ చీలికల్లోంచి పిల్లకు జేబులు దొరికాయి. ప్రార్థనలో రెండు చేతులూ జేబుల్లోకి దోపి, అచ్చం వాళ్లన్న లాగే కాలు ఎడం చేసి నిలబడిందట. ఆటల సారు కంటపడింది.

"అసలు జేబుల్ల చేతులెందుకు పెట్టుకుంటివే?" అని కోడలు ఇప్పుడు బిడ్డ మీదికి తిరిగింది. "సక్కగ నిలవడితే ఎవలు చూస్తుండె?"

"జేబులుండె, పెట్టుకున్న."

నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. కోడలు చూడనే చూసింది.

"నవ్వు అత్తమ్మా, మంచిగ నవ్వు! రేపు బడికి నువ్వే పో. నువ్వే మాట్లాడు. వాళ్లు ఒద్దంటే ఇది ఆటోలనే పోతది, సైకిలు అమ్మేస్త."

పిల్ల ముఖం తెల్లబోయింది. కోడలు లోపలికి పోయి రొట్టెలు చరచడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులోనే తెలుస్తుంది ఎంత కోపంగా ఉందో. ఆమెనూ అనలేను. పది దాకా చదివిన మనిషి. బడిలో మాట పడొద్దు, బడిని ఎదిరించొద్దు అన్న భయం ఆమెకు ఉన్నంత నాకు లేదు. నేను బడిలో ఉన్నదే తక్కువ కాలం.

బయట గద్దె మీద కూర్చుంటే ఆ తక్కువ కాలమే గుర్తుకొచ్చింది. మా బాపు దసరాకు ఒకటే గుడ్డ తాను తెచ్చేవాడు, చారలదో గళ్లదో. దర్జీ మా అరుగు మీద మిషను పెట్టుకుని ఇంట్లో పిల్లలందరికీ అందులోంచే అంగీలు కుట్టేవాడు. పెరిగే పిల్లలని కొలతకు మించి వదులుగా కుట్టమనేది మా అమ్మ. మా అన్నకు అంగీ కింద లాగు, నాకు లంగా. అంతే తేడా. దండెం మీద ఆరేస్తే ఏ అంగీ ఎవరిదో పోల్చుకోలేకపోయేవాళ్లం. పొద్దున ముందు లేచినవాళ్లకు గుండీలన్నీ ఉన్నది దక్కేది.

అన్ని అంగీలకూ ఎడమ వైపు జేబుండేది. దర్జీ అందరికీ ఒక్క తీరు కుట్టేవాడు కదా, నాదని జేబు తీసేయలేదు. అందులో నా బలపం ఉండేది. రేగుపండ్ల కాలంలో రేగుపండ్లు. జొన్నపేలాలు వేసుకుంటే అడుగున పొట్టు మిగిలి, వారం దాకా వేలికి తగిలేది. పంతులు లెక్క అడిగితే అది గీరుకుంటూ నిలబడేదాన్ని. తప్పు చెప్పినా నాకేమీ భయమయ్యేది కాదు. జేబులో చెయ్యి ఉన్నప్పుడు ఒక ధైర్యం ఉంటుంది, దాన్ని ఎట్లా చెప్పాలో నాకు రాదు.

మూడో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడు. వాణ్ని ఎత్తుకోవడానికి మనిషి కావాలి. బడి బందయింది. మరుసటి దసరాకు నాకు అంగీ కాదు, జాకెట్టు కుట్టారు. దానికి జేబు లేదు. బలపం కూడా లేదు గనక అక్కర కూడా పడలేదు. పెండ్లయ్యాక ఏదున్నా కొంగుకు ముడేసుకోవడం అలవాటైంది.

నేను మెత్తని మనిషిని కాను. చున్నీ సర్దుకో అని ఆ పిల్లను రోజూ కసిరేది కోడలి కంటే నేనే ఎక్కువ. ఇప్పుడు పాలమూరులో డిగ్రీ చదువుతూ, సెలవులకు జీన్సు ప్యాంటులో దిగితే ఇప్పటికీ ఏదో ఒకటి అంటాను. అది వినదు, నవ్వుతుంది. ఆ సాయంత్రం మాత్రం దానికి నవ్వే ఓపిక లేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

"అవ్వా, నిజంగనే అమ్ముతదా?"

"ప్యాంటు ఉతికినవా?"

"ఇప్పుడే ఇడిసిన."

"జల్ది ఉతికి పిండి ఆరెయ్యి. పొద్దుగాల్ల తడి ప్యాంటుతోని పోతవా?"

అది లేచి బాయి దిక్కు ఉరికింది.

తెల్లారి ఇద్దరం బడికి పోయాం. అది సైకిలు నడిపించుకుంటూ, నేను పక్కన. పెద్ద టీచరమ్మ నా కోడలి ఈడుది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"అమ్మా, ఒక్కరికి ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారు."

"అడగనియ్యి తల్లీ. సైకిలు మీద వచ్చేటోళ్లు అడుగుతరు. అందరు పడ్డంక ఇస్తవా?"

ఆమె పిల్లను దగ్గరికి పిలిచి ప్యాంటు కాలు పైకి జరిపి మోకాలు చూసింది. పొక్కు ఇంకా ఊడలేదు. ప్యాంటు కాలు మళ్లీ కిందికి దించింది.

"సరే, వేసుకోనివ్వండి. జేబులు మాత్రం కుట్టేయండి. పెద్దవాళ్ల ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడితే బాగుండదు."

"మగపిల్లలు నిలవడతలేరా?"

"వాళ్లనూ కోప్పడతాం."

"కోపం జేస్తరు. జేబులైతే కుట్టరు గద."

"నేను చేయగలిగింది ఇంతే అమ్మా" అంది మెల్లగా. నాకంటే ముందు పిల్లే "సరే టీచర్" అంది.

బడి ఊడ్చే ఆయమ్మ సూదీ నల్లదారమూ తెచ్చి ఇచ్చింది. వరండాలో గోడ పక్కకు తీసుకుపోయి, కుర్తా అంచు ఎత్తి పట్టుకోమన్నాను. ముందుగా అది జేబులోంచి సైకిలు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. రెండు వైపులా కుట్టేశాను, దారం పండ్లతో తెంపాను. తాళంచెవి తిరిగి ఇస్తే సంచి తెరిచి పెన్సిళ్ల డబ్బాలో వేసుకుంది. బెల్లు కొట్టారు. అది తరగతిలోకి పోయింది, నేను ఇంటి దారి పట్టాను.