కొత్త మేనేజరు పేరు

ఫుట్‌బాల్ అంటే నాకు పెళ్ళయిన కొత్తలోనే ఒళ్ళు మంట. ఇప్పటికీ అంతే. కానీ నా కాపురం దాని పక్కనే సాగింది, ఏం చేస్తాం!

కోట అనే ఊరికీ సముద్రానికీ మధ్య ఉండే మా ఊళ్ళో అప్పట్లో బ్యాంకు లేదు, మిల్లు లేదు. మేనేజరు అనే మాట వింటే అందరికీ ఒక్క మనిషే గుర్తొచ్చేవారు. ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజరు. ఎవరిని ఆడించాలో, ఎవరిని కూర్చోబెట్టాలో, గూడూరు వాళ్ళ మీద ఎట్లా ఆడాలో అన్నీ ఆయన చెప్పినట్టే. తోళ్ళ వ్యాపారం చేసే సాయిబుగారు. పొడుగు మనిషి, చేతిలో ఎప్పుడూ గొడుగు. ఆడవాళ్ళెవరు ఎదురైనా 'తల్లీ' అని పలకరించేవారు. ఆయన గొంతెత్తి అరవడం ఎవరూ వినలేదు. మైదానం అంచున నిలబడి పొడిగా రెండుసార్లు దగ్గేవారు, అంతే. ఆ దగ్గుకు ఆడేవాళ్ళందరూ తల తిప్పి చూసేవాళ్ళు.

మా ఆయనకు బజార్లో సైకిల్ షాపు. పెళ్ళికి ముందు క్లబ్బుకు గోలు కాచే గోలీగా ఆడి, మోకాలు పాడుచేసుకుని మానేశాడు. షాపు ముందు బల్ల మీద రోజూ సాయంత్రం పని లేనివాళ్ళూ, పని ఎగ్గొట్టినవాళ్ళూ చేరేవాళ్ళు. హిందువులు, సాయిబులు, మా కిరస్తానం వాళ్ళు, ఫుట్‌బాల్ దగ్గర ఏ తేడా లేదు. షాపు వెనకే మా ఇల్లు కాబట్టి వాళ్ళ వాగుడంతా నా చెవిన పడేది.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం, సాయిబుగారు నమాజుకు లేచి అక్కడే కూలబడి ప్రాణం విడిచారు. ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మంచి మనిషి. కళ్ళు తుడుచుకున్నారో లేదో, బల్ల మీద మొదలైంది.

"తరవాత మేనేజరు ఎవురబ్బా?"

"ఎవురేంది? డ్రిల్లు మేష్టరే. ఇంకెవురుండారు?"

ఇక అదే మాట. టీ కొట్టు దగ్గరా అదే, చేపల గంపల దగ్గరా అదే. ఆదివారం మా గుడిలో పాటకూ పాటకూ మధ్య కూడా అదే. మేష్టరు ముందువరసను మారుస్తాడని ఒకడు, మార్చడని ఒకడు కొట్టుకోబోయారు. మేష్టరుకు మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. అంతలోనే ఆయన బడి మెట్ల మీద పడిపోయాడు. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది.

"అయ్యో పాపం" అన్నారు. అదే నోటితో, "అట్టయితే ఉప్పు కొటార్ల మేస్త్రీయే" అన్నారు. ఆ మేస్త్రీ చిన్నప్పుడు మద్రాసులో ఏదో టీముకు ఆడినవాడు. మళ్ళీ ఊరంతా ఆయన పేరే. కొద్దిరోజులకు ఆయన కొటార్ల పక్క కాలవలో బోర్లా పడి కనిపించాడు. మోకాటి లోతు కూడా లేని నీళ్ళు. పడ్డవాడు లేచి కూర్చుంటే చాలు, బతికిపోయేవాడు.

మేష్టరుకు ముందునుంచీ రక్తపోటు, మేస్త్రీకి ముందునుంచీ తాగుడు. ఈ సంగతి నేను అప్పుడే అందరి ముందూ అన్నాను. అంటూనే ఉన్నాను, నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

బల్ల మీద వాళ్ళకు నోళ్ళు పడిపోయాయి. అయినా సాయంత్రం కాగానే వచ్చి కూర్చునేవాళ్ళు. ఎవరూ ఎవరి పేరూ అనరు. అనకపోయినా మనసులో అనుకుంటూనే ఉంటారు గదా, అదే అసలు భయం. బజారు వెంట పోయేవాళ్ళు మా షాపు దగ్గరకు రాగానే తల వంచుకుని గబగబా దాటిపోయేవాళ్ళు, బల్ల మీది చూపు తమ మీద ఎక్కడ ఆగుతుందోనని. ఒకతను పంక్చరుకు సైకిలిచ్చి నిలబడి ఉండగా ఎవడో, "ఈ అన్న ఆడే కాలంలో పాసులు భలే ఇచ్చేవోడు" అన్నాడు. అంతే, సైకిలక్కడే వదిలేసి ఇంటికి నడిచిపోయాడు మహానుభావుడు. ఒక ముసలామె వచ్చి బల్లకు దణ్ణం పెట్టి, "నా కొడుకు పేరు తలుచుకోవాకండి నాయనా, మీకు పుణ్ణెముంటాది" అని ఏడ్చింది. నవ్వొచ్చే సంగతే. ఎవరూ నవ్వలేదు.

ఒక సాయంత్రం ఆ బల్ల మీది వాడొకడు మా ఆయన వంక అదేపనిగా చూడసాగాడు. నేను లోపలి గుమ్మంలో ఉన్నాను. వాడి పెదవులు కదిలాయి. "అది గాదబ్బా, మన సైకిలు షాపు..."

పంక్చర్లు చూసే తొట్టి చేతికందింది. అందులోని మురికినీళ్ళన్నీ వాడి మొహాన గుమ్మరించాను. "నీ నోట్లో మన్ను పడ! ఇంకొక్క అక్షరం వచ్చిందా, తొట్టి కూడా నెత్తినేస్తా!" వాడు తడిబట్టలతో పరుగెత్తాడు. మా ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. నేను లోపలికెళ్ళి తలుపు గడియ వేసుకున్నాను.

మర్నాడే క్లబ్బు ప్రెసిడెంటుగారు, ధాన్యం వ్యాపారి, అందరినీ పిలిచి తీర్పు చెప్పారు. "కొత్త మేనేజరూ వద్దు, ఏమీ వద్దు. సాయిబుగారే మన మేనేజరు. పోయినాయనకు ఇంకేమౌతాది?"

ఊరంతా హమ్మయ్య అనుకుంది. నేనూ అనుకున్నాను, అబద్ధమెందుకు. ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు, ఎవరికీ ఏమీ కాదు. మైదానం అంచున సాయిబుగారు నిలబడే చోట మడతకుర్చీ వేసి, దానికి ఆయన గొడుగు తగిలించారు. ఆటకు ముందు టీము పిల్లలు వెళ్ళి ఖాళీ కుర్చీకి సలాం పెట్టేవాళ్ళు. ఇంత తెలివైన పని ఇంకే ఊళ్ళో అయినా చేస్తారంటారా!

కుర్చీ మాట్లాడదు గదా. ఎవరు ఎక్కడ ఆడాలో ఎవరో ఒకరు చెప్పాలి. అందుకని వచ్చి మా ఆయన్ని అడిగేవాళ్ళు. "అన్నా, నీకు సాయిబుగారి మనసు తెలుసు. ఆయనైతే ఏమని ఉండును?" మా ఆయన కాసేపు ఆలోచించి, "ఎడమపక్కనించి పోనిమ్మని ఉండును" అనేవాడు. అట్లాగే పోయేవాళ్ళు, గెలిచేవాళ్ళు. గూడూరు మీద గెలిచారు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన వాళ్ళ మీద గెలిచారు. సాయిబుగారు బతికి ఉన్నప్పుడు కూడా ఇన్ని గెలవలేదు.

కొన్నాళ్ళకు మా ఆయన ఆలోచించడం మానేశాడు. అడగ్గానే, "సాయిబుగారు కుడిపక్కకు రమ్మన్నారు" అనేవాడు. ఎప్పుడన్నారు, ఎక్కడన్నారు అని ఒక్కడూ అడగలేదు. గెలుస్తుంటే ఎవడడుగుతాడు? పిల్లలు అరుపులకు తిరగడం లేదని మైదానంలో ఆ దగ్గు కూడా దగ్గడం మొదలుపెట్టాడు. పొడిగా, రెండుసార్లు. విన్నవాళ్ళు అచ్చం ఆయనదేనని మురిసిపోయారు.

ఆ దగ్గు మా ఇంటికి వచ్చింది. అన్నానికి కూర్చునే ముందు దగ్గేవాడు. గుమ్మంలోకి వచ్చేముందు దగ్గేవాడు. మోకాలు దెబ్బ తిన్నప్పటి నుంచి కుంటుతూ నడిచే మనిషి, నిటారుగా నడవసాగాడు. "ఏమయ్యా, నొప్పి తగ్గిందా?" అంటే, "ఏం నొప్పి?" అన్నాడు. ఎండ లేకపోయినా వాకిట్లో అడుగుపెట్టగానే అతని కుడిచెయ్యి గొడుగు విప్పినట్టు పైకి లేచేది.

ఒకరోజు మధ్యాహ్నం నేను చేపలు తోముతున్నాను. వెనకనుంచి దగ్గు వినిపించింది. తర్వాత మెత్తగా అన్నాడు. "తల్లీ, కాసిని మంచినీళ్ళిస్తావా?"

'మేయ్' అని తప్ప నన్ను మా ఆయన ఇంకో రకంగా పిలిచి ఎరగడు. నేను తిరిగి చూశాను. నన్ను చూసి మర్యాదగా చూపు దించుకున్నాడు, పరాయి ఆడదాన్ని చూసినట్టు. ప్రభువా, ఆ క్షణం నాకు కలిగిన భయం పగవాళ్ళకు కూడా వద్దు. ఇంట్లో మనిషి ఉన్నాడు, నా మొగుడు లేడు.

ఎవరితో చెప్పుకోవాలి? ప్రెసిడెంటుగారు నవ్వేశారు. మా గుడి అయ్యగారు ప్రార్థన చేసి, పై వారం ఆట ఎవరితోనని అడిగారు. చివరికి సాయిబుగారి భార్య దగ్గరకు వెళ్ళాను. పోయిన తన భర్తను ఇక వదిలెయ్యమని ఆ ఇంటి ఇల్లాలు ఒక్కమాట చెబితే కుర్చీ తీసేస్తారని నా ఆశ.

ఆమె ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయిన సాయిబుల ఆడవాళ్ళు నాలుగు నెలల పది రోజులు గడప దాటరు. వాళ్ళ ఇంటి వెనకగోడకు అవతలే మైదానం. ఆమె నన్ను చాప మీద కూర్చోబెట్టి బాగోగులడిగింది. చిక్కిపోయింది గానీ మొహం ప్రశాంతంగా ఉంది. నా కష్టం ఎట్లా మొదలుపెట్టాలా అనుకుంటుండగా గోడ అవతల దగ్గు వినిపించింది. పొడిగా, రెండుసార్లు.

ఆమె చటుక్కున లేచింది. ముసుగు సవరించుకుంది. "ఆఁ, వస్తన్నా" అని గోడవైపు పలికింది. నాతో సంతోషంగా అంది. "ఈ మధ్య పెందరాళే వచ్చేస్తన్నారమ్మా. ఆట ముగిసేలోపల టీ కాచి పెట్టాల." పొయ్యి మీద గిన్నె పెట్టింది. రెండు గ్లాసులు తీసి కడిగింది.

వచ్చిన పని చెప్పకుండానే లేచాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నానో లేదో కూడా గుర్తు లేదు. బయటపడి, గోడ చుట్టూ తిరిగి, తిన్నగా మైదానంలోకి నడిచాను. మా ఊళ్ళో ఆడవాళ్ళెవరూ అక్కడికి వెళ్ళరు. ఆటకు మూగిన జనమంతా నన్నే చూశారు. చూస్తే చూడనీ.

మా ఆయన ఖాళీ కుర్చీ పక్కన, చెయ్యి వెనక్కు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా" అన్నాను. తిరగలేదు. "ఇదిగో, నిన్నే" అన్నాను. తిరగలేదు.

మా వైపు ఆడది మొగుడి పేరు నోట పలకదు. గుడిలో బిడ్డ బాప్తిస్మానికి అయ్యగారు తండ్రి పేరడిగితే పక్కనున్న ఆమె చెప్పాల్సిందే. అలాంటి దాన్ని, ఇంటిపేరుతో సహా మా ఆయన పేరు పెట్టి గట్టిగా అరిచాను. ఆడుతున్న పిల్లలు ఆగిపోయారు. బంతి దానంతటదే దొర్లుకుంటూ పోయింది. మా ఆయన కదల్లేదు. మళ్ళీ అరిచాను, గొంతు చీరుకుపోయేట్టు.

అప్పుడు మెల్లగా తిరిగి, చూపు దించుకుని అడిగాడు. "నన్నా తల్లీ?"

చొక్కా పట్టుకున్నాను. "నిన్నే. నువ్వెవరు? నువ్వెవరో చెప్పు!" మొహాన మొహం పెట్టి అరుస్తున్నాను, ఏడుస్తున్నాను. చాలాసేపు నా మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. బళ్ళో హాజరు పలికే పిల్లవాడిలా సన్నగా తన పేరు తను చెప్పుకున్నాడు. చెప్పగానే మోకాలు మడతపడి, నొప్పికి "అమ్మా" అని నేల మీద కూలబడ్డాడు.

నేను జనం వైపు తిరిగాను. "మేనేజరు ఎవరో తెలియాల గదా మీకు? ఇదిగో, ఈయనే." మళ్ళీ పేరు చెప్పాను.

"వద్దక్కా, ఆ పేరనొద్దు!" అని ఆనాడు నా తొట్టినీళ్ళలో తడిసినవాడే చేతులు జోడించాడు.

"అంటాను. మీరూ అనండి. అందరూ గట్టిగా అనండి."

"ఏమన్నా అయితేనక్కా?"

"అయితే నా మొగుడుగా పోతాడు. నేను ఏడ్చుకోడానికన్నా మిగుల్తాడు."

 ముందుగా ప్రెసిడెంటుగారు తల వంచుకుని ఆ పేరు అన్నారు. ఆయన వెనక ఒక్కొక్కరే అన్నారు. మా ఆయన పేరు అన్ని నోళ్ళల్లో పడింది. విన్నంతసేపూ నేను అతని భుజం పట్టుకునే ఉన్నాను.

ఆ తర్వాత చాలాకాలం అతను మెట్టు దిగితే భయం, బావి దగ్గరకెళితే భయం. దేవుడి దయ, ఏమీ కాలేదు. మళ్ళీ కుంటుతూ నడిచాడు, మళ్ళీ 'మేయ్' అన్నాడు, ఆ దగ్గు మళ్ళీ ఎప్పుడూ దగ్గలేదు. అతను మేనేజరైన తర్వాత జరిగిన మొదటి ఆటలో మనవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. ఆ సంతోషంలో నేను కోడికూర వండాను.

ఇద్దత్ ముగిసిన తర్వాత సాయిబుగారి భార్య మా షాపుకు వచ్చింది. బురఖా పైకెత్తి నా వంక చూసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ మొగుణ్ణి నువ్వు తెచ్చుకున్నావమ్మా. మంచి పని చేసినావు. నేనైనా అట్టనే చేసి ఉందును" అంది. తర్వాత గొంతు తగ్గించి అంది. "అందరూ ఆయన ఎండాకాలంలో పోయినారనుకుంటారు. నాకు మాత్రం నువ్వు పిలిచిన ఆ పొద్దే పోయినారు."

 ఆమె ముసుగు దించుకుని వీధిలోకి నడిచింది. లోపలనుంచి మా ఆయన కేకలేస్తున్నాడు. "మేయ్, యాడుండావే?" ఆమె వీధి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నేను పలకలేదు.