పిలిస్తే వస్తుంది

మా బొగ్గు గనిలో నాతో పాటు పనిచేసే ఒకతను రామకృష్ణాపూర్ వైపు బదిలీ అయ్యి వెళ్తూ తన లాబ్రడార్ కుక్కను నాకు అంటగట్టాడు. గోధుమ రంగు ఆడకుక్క, నాలుగేళ్లది. ఒక్కడివే ఉంటున్నావు కదా, తోడుంటుందన్నాడు. నా భార్య పోయి అప్పటికి ఏడాది. జాలి చూపించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. తోడు కావాలని నేనెవర్నీ అడగలేదు. అయినా గొలుసు చేతికి తీసుకున్నాను.

దానికి పాత యజమాని పెట్టిన ఇంగ్లీషు పేరొకటి ఉండేది. అది నాకు నోరు తిరగక బిడ్డా అనే పిలిచాను. రెండు రోజుల్లో అలవాటు పడింది.

మొదట్లో మా మధ్య పేచీ అంతా తిండి దగ్గరే. నా కంచం ముందు కూర్చుని మూడు రోజులుగా పస్తులున్నట్టు మొహం పెట్టేది. పక్క క్వార్టర్ అక్క అది చూసి, మూగజీవాన్ని కడుపు మాడ్చి చంపుతున్నానని నన్ను కోప్పడింది. ఈ జాతికి ఎంత తిన్నా ఆకలి తీరదని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం పోటీపడి పెట్టాం. ఆరు నెలలు తిరిగేసరికి దాని నడుం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇక వెంట్రుకల సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజూ దువ్వినా పరుపు మీద, డ్యూటీ బట్టల మీద, చివరికి పప్పులో కూడా అవే. తిట్టుకుంటూ దువ్వేవాణ్ణి, తిడుతున్నంతసేపూ అది తోక ఊపేది. ఆ ఇంట్లో మళ్లీ మనిషి గొంతు వినిపించిందంటే ఆ తిట్ల వల్లే.

బరువు తగ్గించాలని నడక మొదలుపెట్టాను. అందరికీ అలాగే చెప్పాను. అసలు సంగతి వేరు. ఫస్టు షిఫ్టు వారాల్లో మూడు దాటాక ఇంటికొస్తే, చీకటి పడేదాకా ఆ రెండు గదుల్లో ఏం చేయాలో తోచేది కాదు. టీ పెట్టుకుంటే ఒక్క కప్పే. టీవీ పెడితే ఎవరో ఎవరితోనో మాట్లాడుకుంటుంటారు. అందుకని నాలుగు కొట్టగానే కుక్కను తీసుకుని రోడ్డెక్కేవాణ్ణి. దారిలో జనం నన్ను పలకరించేవాళ్లు కాదు, కుక్కను పలకరించేవాళ్లు. ఏం తింటుంది, కరుస్తుందా అని అడిగితే దాని తరఫున నేను జవాబు చెప్పేవాణ్ణి. రోజుకు ఆ నాలుగు మాటలు నాకు చాలు.

చలికాలం బాగానే గడిచింది. ఎండాకాలం వచ్చినా నేను వేళ మార్చలేదు. భూమి లోపల పనిచేసేవాడి బుద్ధి అక్కడ చూపించాను. కింద ఆ ఉక్కలో ఎనిమిది గంటలు తడిసి పైకొచ్చిన మాకు ఏ గాలైనా చల్లగానే తగులుతుంది. కాకులు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చునే వేళ నాకు హాయిగా ఉండేది. నాకు హాయిగా ఉంటే దానికీ హాయే అనుకున్నాను. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చుందని, నా కాళ్లకున్న బూట్లు దానికి లేవని తట్టనే లేదు.

ఆ రోజు పవర్ హౌస్ వైపు సగం దూరం పోయాక అది రోడ్డు పక్కన పడుకుంది. మొండికేసిందనుకుని నాకు కోపమొచ్చింది. గొలుసు లాగి గట్టిగా పిలిచాను. లేచింది, తోక కూడా ఊపింది. మళ్లీ పడుకుంది, మళ్లీ పిలిచాను, మళ్లీ లేచింది. మూడోసారి లేచి నా వైపు నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగిపోయింది.

అక్కడి టీ కొట్టాయన డ్రమ్ములో నీళ్లు తెచ్చి పోశాడు. ఇద్దరం కలిసి దాన్ని ఆటో ఎక్కించాం. నా అదృష్టం కొద్దీ పశువుల దవాఖానలో డాక్టర్ ఇంకా ఉన్నాడు. సెలైన్ ఎక్కించి, పాదాలు తిప్పి చూపించాడు. అడుగున చర్మం బొబ్బలెక్కి ఊడివస్తోంది. మధ్యలో ఎక్కడా ఆగలేదా అని అడిగాడు. ఆగింది, నేనే పిలిచానని చెప్పాను.

అతను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఈ జాతి గిట్లనే ఉంటదన్నా. పానం పోతున్నా మనం పిలిస్తె వస్తది. ఆగుడు దానికి తెల్వదు, మనకే తెల్వాలె" అన్నాడు.

బతుకుతుంది గానీ నాలుగు రోజులు లేవనివ్వొద్దని, పుండ్లు మానాలని, గుండెకు విశ్రాంతి కావాలని చెప్పి పంపాడు. ఇంటికి తెచ్చి కూలర్ ఎదురుగా పడుకోబెట్టాను.

మర్నాడు డ్యూటీకి పోలేదు. దాని పక్కన నేల మీద కూర్చున్నాను. ఎవరికీ చెప్పని మాట దానికి చెప్పాలనిపించింది.

"ఇంట్ల ఒక్కన్నే ఉండలేక నిన్ను తిప్పిన బిడ్డా. నీ కోసం కాదు" అన్నాను.

నా గొంతు వినగానే చెవులు ఎత్తింది. పిలుస్తున్నాననుకుంది. కట్లు కట్టిన ముందు కాళ్లు నేలకు ఊని, వణుకుతూ లేవబోయింది. రెండు చేతులతో భుజాలు పట్టి మెల్లగా కిందికి ఆనించాను. తప్పయిందని చెప్పడానికి కూడా లేదు, చెబితే మళ్లీ లేస్తుంది.

ఆ నాలుగు రోజులు నేను ఆ ఇంట్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.