నర్సమ్మకు రాని జబ్బు లేదు

నర్సమ్మకు లోకంలో రాని జబ్బు లేదు. నిజానికి ఆవిడకు జలుబు చేసి కూడా ఏళ్లయింది. కానీ ఆసుపత్రి నర్సుగా ఆడవాళ్లను కూర్చోబెట్టి ఏ జబ్బు గురించి చెప్పినా మధ్యలో ఆ మాట పడాల్సిందే: "నాకూ వచ్చిందిలే."

కీళ్లనొప్పుల గురించి చెప్పినన్నాళ్లూ ఆవిడ భర్తకు ఇబ్బంది లేకపోయింది. ఆయనది కళ్లజోళ్ల దుకాణం, నోట్లో నాలుక లేని మనిషి. ఇంతలో ఆసుపత్రివాళ్లు ఆవిడకు కొత్త పని అప్పగించారు. కుట్టుకేంద్రంలో ఆడవాళ్లకు సుఖవ్యాధుల గురించి చెప్పాలి.

మిషన్లన్నీ ఆపించి మొదలుపెట్టింది. "మంట, దురద, పుండు, ఏదున్నా దాచుకోకండమ్మా. కొన్నిటికి పైకి ఏమీ కనబడదు, పరీక్షలోనే తెలుస్తుంది. మీరొక్కరే మందు వాడితే చాలదు, ఇంట్లో ఆయనా వాడాలి. సిగ్గెందుకు? నాకూ వచ్చిందిలే."

కాజాలు కుట్టే అమ్మాయి మెల్లగా అడిగింది. "మరి మీ ఆయనకూ మందు వేయించారా అక్కా?"

"చెవి పట్టుకుని లాక్కెళ్లా."

సాయంత్రానికల్లా వీధి వీధంతా కళ్లజోళ్లాయన్ని కొత్తగా చూడటం మొదలెట్టింది. దుకాణానికొచ్చిన ముసలావిడైతే అద్దాలు మార్చి మార్చి పెట్టుకుంటూ ఆయన్నే చూసింది.

"అక్షరాలు కనిపిస్తున్నాయా అమ్మా?"

"అక్షరాలేం ఖర్మ నాయనా, మనుషులే కనిపిస్తున్నారు."

ఆయన ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా నిలదీశాడు. "నా పరువేం కాను?"

"మీ పేరు నేనెక్కడెత్తానండీ?"

"నీకున్న మొగుణ్ణి నేనొక్కణ్ణేగా."

"పోనీ, వచ్చేవారం చెప్పే జబ్బు పెళ్లికి ముందే వచ్చిందంటాలెండి."

ఇక లాభం లేదని, కుట్టుకేంద్రానికెళ్లి తనకు ఏ జబ్బూ లేదని అందరి ముందూ చెప్పేయాలని నిశ్చయించుకున్నాడాయన. ఆ వారంలోనే ఓ రోజు దుకాణం మూసి బయల్దేరబోతుంటే బస్సు డ్రైవరొకడు వచ్చి కూర్చున్నాడు. కళ్లజోడు అడగలేదు. వీధిలో ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"మా ఆవిడ ఎన్నాళ్లనుంచో లోపల్లోపలే బాధపడుతోందట అన్నా. నర్సమ్మగారికే వచ్చిందని విన్నాక ధైర్యం చేసి పరీక్ష చేయించుకుంది. నన్నూ రమ్మంటున్నారు. ఆసుపత్రి గేటుదాకా పోయి రెండుసార్లు తిరిగొచ్చేశా. మీరు... వెళ్లారు కదా?"

"నాకేం రోగం" అనబోయాడు కళ్లజోళ్లాయన. డ్రైవరు చేతిలో టోపీ నలిగిపోతోంది. తన భార్య ఇన్నేళ్లుగా ఎందుకన్ని జబ్బులు నెత్తిన వేసుకుందో ఆయనకు అప్పుడు తెలిసింది.

"వెళ్లకేం తమ్ముడూ? నాకూ వచ్చిందిలే."

"కష్టంగా ఉంటుందా?"

"మీ వదినతో కాపురంకంటే తేలిక. పద, నేనూ వస్తా."

ఆసుపత్రి వరండాలో ఇద్దర్నీ చూసి నర్సమ్మ ఆగిపోయింది. "మీరేంటండీ ఇక్కడ?"

"తోడొచ్చాను. పాత పేషెంటునుగా."

ఆవిడ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. డ్రైవరుకి తలుపు తీసి, "రా తమ్ముడూ" అంది. వెనకే వస్తున్న భర్తను మాత్రం గుమ్మంలోనే ఆపేసింది.

"మీరు బయటే కూర్చోండి. మీకు నయమైపోయింది."